ఇచ్చే దానానికి ముందు తీర్చవలసిన బాకీ



మన ప్రాంతానికే చెందిన ఒక సోదరుడు క్రిందటి నెలలో నాకొక ఉత్తరం వ్రాశారు. యాత్రికులు వచ్చిపోయే ఒక పట్టణంలో ఆయనకూ ఆయన బావమరిదికీ కలిపి ఒక లాడ్జి ఉంది. పెద్ద పెద్ద కంపెనీలు తమ లాభంలో రెండు శాతాన్ని సమాజ సేవకు ఖర్చు పెట్టాలన్న చట్టం ఉన్నదని ఆయన ఎక్కడో చదివారట. ఆయన ప్రశ్నలు మూడు. ఆ చట్టం తమ లాడ్జికి వర్తిస్తుందా? వర్తించినా వర్తించకపోయినా, ఊరికి ఒక మంచినీటి ప్లాంటు పెట్టిస్తే అది జకాత్ క్రింద చెల్లుతుందా? ప్లాంటు గోడ మీద తన తండ్రి పేరు వ్రాయించుకోవచ్చునా?

మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. 2013 నాటి కంపెనీల చట్టంలో 135వ సెక్షను ఈ బాధ్యతను విధించింది. అది 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా వార్షిక వ్యాపారం 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతాన్ని ప్రజాహిత కార్యాలకు వెచ్చించాలి. తాను పని చేస్తున్న స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉన్నది. ఇద్దరు బంధువులు భాగస్వాములుగా నడిపే లాడ్జి కంపెనీయే కాదు. పుట్టపర్తిలోనో, కదిరిలోనో, పెనుకొండలోనో, హిందూపురంలోనో ఉన్న మన లాడ్జీలలో, భోజనశాలలలో, ట్రావెల్స్ వారిలో దాదాపు ఎవరినీ ఈ చట్టం తాకదు. ఉత్తరం వ్రాసిన సోదరునికి ఊరట కలిగించే మాటే. అయితే నాకు దిగులు పుట్టించినది కూడా ఇదే. మన పీఠభూమిలో ఆతిథ్య వ్యాపారమంతా చట్టం చూపు ఆనని చోట సాగుతున్నదన్నమాట.

రెండవ ప్రశ్నకు వస్తాను. చెల్లదు. జకాత్ ఒక ఆరాధన. దానికి సంకల్పం కావాలి. మన హనఫీ ధర్మశాస్త్రవేత్తల ప్రకారం, హక్కుదారుడైన పేదవాని చేతికి ఆ సొమ్మును సొంతం చేసి ఇవ్వాలి. దీనినే తమ్లీక్ అంటారు. బావి, వంతెన, మస్జిదు గోడ, నీటి ప్లాంటు ఎవరి సొంతమూ కావు కనుక వాటికి జకాత్ సొమ్ము వాడరాదు. అవి సదఖా. ఎంతో పుణ్యమైన సదఖా, కాని సదఖాయే. ఇక లాడ్జి మీద జకాత్ లెక్క ఏమిటంటే, కట్టడం మీదా మంచాల మీదా పరుపుల మీదా జకాత్ లేదు. అవి సంపాదనకు పనిముట్లు. వాటి ద్వారా వచ్చిన ఆదాయంలో ఖర్చులు పోను మిగిలి, నిసాబుకు చేరి, చాంద్రమాన సంవత్సరం గడచిన సొమ్ము మీద రెండున్నర శాతం విధి. ప్రభుత్వం వారి రెండు శాతానికీ దీనికీ పోలిక లేదు. అది ఏటి లాభం మీద, ఇది మిగిలి ఉన్న సంపద మీద.

ఇంతటితో ఉత్తరానికి జవాబు ముగించవచ్చు. కాని ఆ సోదరుడు అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకు ఇజారా అధ్యాయం బోధిస్తున్నవాణ్ణి కనుక దానిని దాటి పోలేను. గదిని అద్దెకివ్వడం, మనిషిని కూలికి పెట్టుకోవడం అనే రెండింటి నియమాలూ మన ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఆ ఒక్క అధ్యాయంలోనే ఉంటాయి. అంటే లాడ్జి యజమాని తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు ఇజారాలోనే ఉంటాడు. అతిథితో ఒక ఒప్పందం, పనివానితో ఒక ఒప్పందం. మూడవది ఊరితో. అది ఎక్కడా వ్రాసి ఉండదు. దాని పేరు నీళ్ళు.

అనంతపురం సీమ గురించి మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ నమ్మకం లేని వాన. జైసల్మేరు తరువాత మన జిల్లాయే అని బడిలో పిల్లలకు పాఠం చెబుతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసినా మేఘాలు రెండు కాలేదు. వేరుశనగ ఎండిన ఏడు కుటుంబాలు బెంగళూరు బస్సు ఎక్కుతాయి. ఇటువంటి నేల మీదికే ఏటా లక్షల మంది అతిథులు వస్తారు. పుట్టపర్తికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. 2025 నవంబరులో అక్కడ జరిగిన శతజయంతికి ప్రధానమంత్రి కూడా వచ్చారు. లేపాక్షి శిల్పాలు చూడడానికి, కదిరి తేరుకు, తిమ్మమ్మ మర్రిమాను నీడకు, పెనుకొండ బాబయ్య దర్గాకు, ముహర్రమ్‌లో గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరకు వస్తారు. 2019లో పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత కొరియా దేశస్థుల కోసం కూడా హోటళ్ళు, భోజనశాలలు వెలిశాయి. అతిథి రూపాయిని వెంట తెచ్చుకుంటాడు. నీటిని మాత్రం తెచ్చుకోడు.

కొంచెం లెక్క చూడండి. పల్లెలో మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు అందించాలన్నది జలజీవన్ మిషన్ పెట్టుకున్న కొలత. నీటి సరఫరా ఇంజనీర్లు పాటించే ప్రమాణాలలో సాధారణ హోటలుకు పడక ఒక్కింటికి 180 లీటర్లు, అయిదు నక్షత్రాల హోటలుకు 320 లీటర్లు. నలభై పడకల లాడ్జి నిండితే రోజుకు 7,200 లీటర్లు. ఒక చిన్న పల్లెలో 130 మందికి సరిపోయే నీళ్ళు. అవి ఎక్కడ నుంచి వస్తాయి? లాడ్జి వెనుక ఉన్న బోరు నుంచి. అది ఎండితే మరింత లోతు బోరు నుంచి. అదీ ఎండితే పక్క పల్లె పొలంలోని బోరు నుంచి ట్యాంకరులో. కొత్త బోరుకు అధికారుల దగ్గర నమోదు, అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. ఆ కాగితం ఎన్ని లాడ్జీల బీరువాలలో ఉన్నదో యజమానులే చూసుకోవాలి.

దారిన పోయే బాటసారికి తన దగ్గర మిగిలిన నీటిని నిరాకరించేవాణ్ణి మహాప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో మీరు ఖుత్బాలలో విని ఉంటారు. మన దగ్గర సంగతి తలక్రిందులైంది. బాటసారికి ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు ఉన్నాయి. ఆ గోడకు అవతల ఉన్న వీధి స్త్రీలు కుళాయి దగ్గర బిందెలు వరుసగా పెట్టి నిలబడతారు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి అని బోధించిన ధర్మం మనది. బోరు మన స్థలంలో ఉండవచ్చు. దానిలోకి ఊరే నీరు మన సరిహద్దు రాయిని అడిగి రాదు.

కాబట్టి సోదరుడు ఊరికి నీటి ప్లాంటు పెట్టిస్తానంటే నేను మొదట అడిగేది ఒక్కటే: ఊరి నుంచి మీరు తీసుకుంటున్నది ఎంత? అప్పు ఉన్నవాడు అప్పు తీర్చకుండా దానం చేస్తే ఆ దానం దానమే కావచ్చు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. మిద్దె మీద పడిన వాన చుక్కను ఇంకుడు గుంతకు మళ్ళించడం, స్నానాల గది నీటిని మరుగుదొడ్డికో మొక్కలకో వాడడం, కారే కుళాయి వాషరు ఆ రోజే మార్పించడం, షవరు తీసి బకెట్టు పెట్టడం, ఇవన్నీ అప్పు తీర్చే పనులు. ప్లాంటు ఆ తరువాతి మాట. పైగా ఆ ఫిల్టరు ప్లాంట్లు వంద లీటర్లు లోపలికి తీసుకుని అందులో పెద్ద భాగాన్ని వృథా నీరుగా కాలువలోకి వదులుతాయి. ఆ నీటిని ఏమి చేయాలో ఆలోచించకుండా ప్లాంటు పెడితే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో పారబోసినట్లే.

యాత్రాస్థలం తనను మోస్తున్న నేలకు నీటి రూపంలో బదులు చెల్లించిన గొప్ప ఉదాహరణ మన జిల్లాలోనే ఉన్నది. అది మన వర్గానిది కాదు, మన విశ్వాసాలూ వేరు. అయినా మేలును మేలు అనడం ముస్లిమునకు విధి. 1990ల మధ్యలో పుట్టపర్తిలోని సత్యసాయి ట్రస్టు, ఎల్ అండ్ టీ సంస్థ చేత, అనంతపురం జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు త్రాగునీటి పథకం నిర్మింపజేసింది. తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండే వేసవి చెరువులు, పెన్న చిత్రావతి ఇసుకలో తవ్విన ఊట బావులు, వాటి నుంచి మైళ్ళ కొద్దీ గొట్టాలు. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా విడుదల చేసింది. అప్పటికి రెండు శాతం చట్టం లేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ గొట్టాలు కుల మతాలు అడగలేదు. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి నడుములు వంగిన పల్లెలలో ముస్లిం ఇళ్ళూ ఉన్నాయి. ఆ నీళ్ళు వాటికీ చేరాయి.

మన చరిత్రలో ఇటువంటివి లేవని కాదు. హారూన్ రషీద్ భార్య జుబైదా బేగం హాజీల కోసం మక్కాకు కాలువ తెప్పించింది. కూఫా నుంచి మక్కా దారి పొడవునా బావులు, కుంటలు ఏర్పాటు చేయించింది. ఆ దారికి నేటికీ ఆమె పేరే. నిజాము మక్కాలో వక్ఫ్ చేసిన రుబాతులో హైదరాబాదు హాజీలు అద్దె లేకుండా బస చేస్తారు. (మన రాయలసీమను 1800లోనే కుంపిణీకి దత్తం చేశారు కనుక ఆ భాగ్యం మనకు లేదు. పూర్వపు హైదరాబాదు రాజ్యం వారికే ఆ హక్కు. మా ఊరి హాజీలు ఈ సంగతి తెలిసి నొచ్చుకోవడం చూశాను.) నాడు ఆతిథ్యం వక్ఫ్, నేడు వ్యాపారం. వ్యాపారం హలాలే. అయితే వక్ఫ్ కర్త మొదట నీటిని చూసుకుని తరువాత గదిని కట్టేవాడు. మనం గదులు కట్టి తరువాత బోరు పాయింటు చూసే మనిషిని పిలుస్తున్నాం.

పెద్ద హోటళ్ళ వారు ఏమి చేస్తున్నారని కూడా తెలుసుకోవాలి. వారిలో నిజాయితీగా చేసేవారు ఉన్నారు. 2008 నవంబరు ముంబై దాడుల తరువాత తాజ్ హోటళ్ళ వారు బాధితుల కోసం ఒక ట్రస్టు నెలకొల్పారు. ఆడంబరం కోసం చేసేవారూ ఉన్నారు. ‘భూమిని కాపాడడానికి మీ తువ్వాలును మళ్ళీ వాడండి’ అన్న అర్థం వచ్చే చీటీ హోటలు గదులలో చూస్తుంటాం. జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవాది 1986లో వ్రాసిన వ్యాసంలో ఈ చీటీనే పట్టుకున్నాడు. చాకలి ఖర్చు తగ్గించుకోవడానికి భూమి పేరు చెబుతున్నారని ఎత్తిపొడిచి, దానికి ‘పచ్చపూత’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పేరు ప్రపంచమంతా పాకింది. సంకల్పాన్ని బట్టే కర్మల విలువ అని మొదటి హదీసుగా కంఠస్థం చేసే మన పిల్లలకు ఈ వ్యాసం సులభంగానే అర్థమవుతుంది.

నాకు వీటన్నింటికంటె నచ్చినది కేరళలోని కుమరకం పద్ధతి. 2008 నుంచి అక్కడి హోటళ్ళు కూరగాయలు, కోడిగుడ్లు వంటి సరుకులను ఊరి స్త్రీల కుటుంబశ్రీ సంఘాల దగ్గర కొనే ఏర్పాటు జరిగింది. అది దానం కాదు, బేరం. ఇచ్చేవానికి అహం లేదు, పుచ్చుకునేవారికి చిన్నతనం లేదు. మన దగ్గర మాత్రం ఎందుకు కాదు? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు దీపాల గుమ్మటాలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన లాడ్జీల వరండాలలో మాత్రం ఎక్కడో తయారైన ప్లాస్టిక్ పూల కుండీలే కనబడతాయి. కొర్రలు, సజ్జలు పండించే రైతులు పక్కనే ఉన్నారు. మన భోజనశాలకు సరుకు ఎక్కడి నుంచి వస్తున్నదో ఒకసారి రసీదులు తీసి చూడండి.

ఇక పనివారి సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంత సంకోచంగా ఉన్నది, ఎందుకంటే యజమానులూ పనివారూ ఇద్దరూ మా మదరసా పిల్లల తండ్రులే. రూమ్ బాయ్‌గా, వంటవానిగా, రాత్రి వాచ్‌మన్‌గా పన్నెండేసి గంటలు పని చేసి, వారానికి ఒక్క సెలవు కూడా ఎరుగని తండ్రి, పిల్లవాని ఫీజు కోసం అదే యజమాని దగ్గర జకాత్ సొమ్ము పుచ్చుకోవడం నేను ఎరుగుదును. పనివాడు నిజంగా పేదవాడైతే అతనికి జకాత్ ఇవ్వవచ్చు, సందేహం లేదు. కాని జీతంలో తగ్గించిన దానిని జకాత్‌తో పూడ్చడానికి వీలు లేదు. అలా ఇస్తే జకాత్ నెరవేరదు, జీతం బాకీ తీరదు. చెమట ఆరక ముందే కూలి ఇవ్వమన్న హితబోధ మనకు తెలుసు. అది ఎవరి గోడ మీదా అందమైన అక్షరాలలో వ్రేలాడదీయడానికి చెప్పినది కాదు. విచిత్రమేమంటే లౌకిక చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చు ఆ రెండు శాతంలోకి రాదని నియమాలలో ఉన్నది. వారికి ఇవ్వవలసినది సేవ కాదు, హక్కు.

పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను హోటళ్ళలో, ధాబాలలో పనికి పెట్టరాదన్న నిషేధం 2006 అక్టోబరు 10 నుంచి ఉన్నది. అయినా కరువు ఏడు వచ్చినప్పుడల్లా మా తరగతిలో ఒకటి రెండు చాపలు ఖాళీ అవుతాయి. అడిగితే ‘బెంగళూరులో మామ హోటలుకు పోయినాడు హజ్రత్’ అంటారు. మామ హోటలులో కప్పులు కడగడం కూడా పనే.

ఇంకొక మాట క్లుప్తంగా చెప్పి ఊరుకుంటాను. కదిరి ప్రాంతం నుంచి పేద స్త్రీలను ఉద్యోగం ఆశ చూపి దూర నగరాలకు తరలించిన ఉదంతాలు పత్రికలలో ఎన్నోసార్లు వచ్చాయి. అటువంటి ప్రయాణాలలో రాత్రి బస ఎక్కడో ఒక లాడ్జిలోనే ఉంటుంది. రిజిష్టరులో పేరు, గుర్తింపు కార్డు సరిగా చూసి వ్రాసుకునే గుమాస్తా ఒక్కడు చాలు, ఒక ఇంటి ఆడబిడ్డ వెనక్కి రావడానికి. దీనికి పైసా ఖర్చు లేదు.

యజమానులను మాత్రమే అనడం న్యాయం కాదు. మనం కూడా అతిథులమే. పెనుకొండ ఉర్సుకు కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి బస్సులు వస్తాయి. ఉర్సులలో జరిగే కొన్ని పనుల మీద నాకున్న అభ్యంతరాలు ఈ శీర్షిక చదివేవారికి తెలిసినవే, వాటిని ఇప్పుడు ఎత్తను. జియారత్ ముగించుకుని బస్సు ఎక్కే ముందు మనం ఆ ఊరికి వదిలి వచ్చేది ఏమిటి? ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పొట్లాలు, తిప్పి వదిలేసిన కుళాయి. పారే నది ఒడ్డున కూడా వుజూలో నీరు వృథా చేయవద్దని పిల్లలకు నేర్పుతాం. నదే లేని ఊరిలో లాడ్జి వజూ కుళాయి దగ్గర ఆ పాఠం మరచిపోతాం. అతిథికి మూడు రోజుల హక్కు ఉన్నదని ఎరిగిన మనకు, ఆతిథ్యం ఇచ్చేవారిని ఇబ్బంది పెట్టేంత కాలం ఉండరాదన్న రెండవ సగం కూడా ఆ హదీసులోనే ఉన్నదని గుర్తుండాలి. ఊరే మనకు ఆతిథ్యం ఇస్తున్నప్పుడు ఆ ఇబ్బందిని లీటర్లలో లెక్కించాలి.

2024 డిసెంబరులో ప్రకటించిన కొత్త విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఇక మన ప్రాంతంలో కూడా పెద్ద హోటళ్ళు వస్తాయి. వాటిలో కొన్ని ఆ రెండు శాతం పరిధిలోకి వస్తాయి, వాటి ప్రతినిధులు పంచాయతీ దగ్గరకు వచ్చి ‘మీకేమి కావాలి?’ అని అడుగుతారు. బెంచీలు, ఆర్చి, వీధి దీపాలు అడగకండి. మీ బోరు లోతు ఎంత, రోజుకు తోడేది ఎంత, నేలలోకి తిరిగి పంపేది ఎంత అని అడగండి. ఆ లెక్కను ఏటా గ్రామసభలో చదివి వినిపించమనండి.

ఉత్తరంలోని మూడవ ప్రశ్న మిగిలి ఉన్నది: గోడ మీద తండ్రి గారి పేరు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించినప్పుడు ఆమె పేరిట ఏ దానం మేలని మహాప్రవక్త (స)ను అడిగారు. నీరు అని జవాబు వచ్చింది. ఆయన బావి త్రవ్వించి, ఇది సఅద్ తల్లిది అన్నారు. కనుక పేరు తప్పు కాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని అందరికీ వదిలినప్పుడు, తానూ అందరితో పాటే అక్కడ నీళ్ళు తోడుకున్నారని కూడా గుర్తుంచుకోండి. మీ లాడ్జి ట్యాంకరుకు ఆ ప్లాంటు దగ్గర ముందు వరుస ఉండరాదు. పేరు వ్రాయించే ముందు ఒక పని చేయండి. మన పల్లెలలో పేర్లు చెదరకుండా ఉండి, కుళాయిలు తుప్పు పట్టిన దాతల ప్లాంట్లు ఎన్నో ఉన్నాయి. మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఫిల్టరు ఎవరు మారుస్తారు, వృథా నీరు ఏ గుంతలోకి పోతుంది అన్న మూడు విషయాలనూ పంచాయతీతో కాగితం మీద వ్రాయించుకుని, ఆ తరువాత పెయింటరును పిలవండి.